మూడు దీవుల చర్చిలు

స్కాట్లాండ్‌కి పడమటి వైపు సముద్రంలో అయోనా అనే చిన్న దీవి ఉంది. పొడవు ఐదారు కిలోమీటర్లు, వెడల్పు రెండు. అక్కడ ఉండే జనం రెండొందల లోపే. క్రీ.శ. 563లో కొలంబా అనే సన్యాసి ఐర్లండ్ నుంచి పడవలో వచ్చి ఇక్కడ మఠం పెట్టాడు. ఆయన కూర్చుని రాసుకునే గుడిసె ఒక రాతి గుట్ట మీద ఉండేదని ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకునేవారు. ఆ గుట్ట పేరు తోర్ అన్ ఆబ. వాళ్ళ గేలిక్ భాషలో మఠాధిపతి గుట్ట అని అర్థం. 1957లో చార్లెస్ థామస్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వితే, కాలిపోయిన గుడిసె తాలూకు బొగ్గు దొరికింది. ఆయన ఆ బొగ్గుని అగ్గిపెట్టెల్లో పెట్టి తన ఇంటి గ్యారేజీలో దాచుకున్నాడు. అరవై ఏళ్ళ తర్వాత, 2017లో, గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ బొగ్గుకి కార్బన్ పరీక్ష చేయించి ఫలితం చెప్పారు. 540కీ 650కీ మధ్యది. కొలంబా కాలమే. ఊరివాళ్ళ మాట నిలబడింది.

ఇప్పుడు మా వైపు రండి. దుబాయ్ నుంచి ఈశాన్యంగా యాభై కిలోమీటర్లు వెళితే ఉమ్ అల్ క్వైన్ వస్తుంది. ఏడు ఎమిరేట్లలో అన్నిటికంటే తక్కువ జనం ఉన్నది ఇదే. దాని ఎదురుగా సినియా అని ఇసుక దీవి. అక్కడ ఒక పాత క్రైస్తవ మఠం బయటపడిందని 2022 నవంబరులో ప్రకటించారు. కార్బన్ పరీక్షలో వచ్చిన తేదీలు 534 నుంచి 656 వరకు.

నేను ముప్పై ఏళ్ళు అకౌంట్స్ చూసినదాన్ని. రెండు అంకెల వరసలు ఇంత దగ్గరగా కలిస్తే ఊరుకోలేను. 540, 650. 534, 656. ఒక దీవిలో చలి, వాన, పచ్చగడ్డి. ఇంకో దీవిలో ఎండ, ఉప్పు, ఇసుక. మధ్య దూరం దాదాపు ఆరు వేల కిలోమీటర్లు. రెండు చోట్లా కొంతమంది మగవాళ్ళు పెళ్ళి, ఆస్తి వదిలేసి, సముద్రం మధ్యకి వెళ్ళి, రాళ్ళు పేర్చి, రోజుకి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకుని ప్రార్థన చేశారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు.

తెలుగు నేర్చుకుంటున్న మన అందరికీ ఇంకో అంకె కూడా ముఖ్యం. 575. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించిన శాసనం సుమారు ఆ కాలానిది. ఇప్పటిదాకా దొరికిన మొదటి తెలుగు శాసనం అని దాన్నే చెబుతారు. అంటే అయోనాలో కొలంబా బతికి ఉండగానే (ఆయన 597లో పోయాడు) మన భాష రాయి మీదికి ఎక్కింది. ఈ మూడూ ఒకే కాలం అని నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. మా వైజాగ్ ఇంగ్లీషు మీడియం స్కూల్లో హిస్టరీ అంటే ఇంగ్లాండు రాజులు ఒక వరస, ఢిల్లీ రాజులు ఒక వరస.

ముందు ఒక మాట గురించి తేల్చుకోవాలి. మొనాస్టరీని తెలుగులో ఏమనాలి? మఠం అంటే నాకు శంకర మఠం గుర్తొస్తుంది. విహారం అంటే బౌద్ధులది. ఆశ్రమం అంటే చెట్లు, జింకలు. మా పక్క ఫ్లాట్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సు ఉంటుంది, క్యాథలిక్కులు. ఆమెని అడిగాను. "మఠమే అక్కా. మా వాళ్ళు సిస్టర్లని మఠకన్యలు అంటారు కదా. చర్చిని కూడా పుస్తకాల్లో దేవాలయం అనే రాస్తారు" అంది. అరవై దాటాక తెలిసింది నాకు ఈ మాట. మఠకన్యలు. ఎంత బాగుంది. కాబట్టి ఇక్కడ మఠం అనే రాస్తున్నాను.

సినియాని నేను ఒడ్డు నుంచే చూశాను. నీళ్ళలో మడ చెట్లు, వాటి వెనక చదునుగా ఇసుక గట్టు, అంతే కనిపిస్తుంది. తవ్వినవాళ్ళు రాసిన దాని ప్రకారం అక్కడ ఒక చర్చి, దాని పక్కన బాప్తిస్మం ఇచ్చే తొట్టి, ఆరాధనలో పంచే రొట్టె కాల్చుకోడానికి పొయ్యి, నీళ్ళ తొట్టి, ఇంకా మఠాధిపతిదో బిషప్పుదో అనుకునే నాలుగు గదుల ఇల్లు ఉన్నాయి. మరుసటి ఏడు, 2023లో, ఆ పక్కనే ఒక ముత్యాల ఊరు కూడా బయటపడింది. గల్ఫ్‌లో ఇప్పటిదాకా దొరికిన ముత్యాల ఊళ్ళలో అన్నిటికంటే పాతది. సన్యాసుల పక్కనే ముత్యాల కోసం నీళ్ళలో మునిగేవాళ్ళు, వాటిని కొనేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ గొడవలు. గుడి ఉన్న చోట బజారు ఉండదా మరి!

నేను లోపలికి వెళ్ళి చూసినది మూడో దీవి, సర్ బనీ యాస్. అబూ ధాబీ నుంచి పడమటికి రెండున్నర గంటలు కారులో జబల్ ధన్నా దాకా వెళ్ళాలి. అక్కడి నుంచి పడవ. షేక్ జాయెద్ 1971లో ఈ దీవిని జంతువుల కోసం కేటాయించారు. ఇప్పుడు తెల్ల ఒరిక్స్ దుప్పులు, జిరాఫీలు కూడా తిరుగుతాయి. 1992లో ఆయన మాట మీద అబూ ధాబీ దీవుల్లో పురావస్తు సర్వే మొదలుపెట్టారు. పీటర్ హెల్యర్, జెఫ్రీ కింగ్ అనే ఇద్దరు ముందుండి నడిపించారు. దీవి తూర్పు వైపున అల్ ఖోర్ అనే చోట పైకి కనిపించినవి కుండ పెంకులు, సున్నం ముక్కలు మాత్రమే. తవ్వుతుంటే సున్నపు పలకల మీద శిలువ గుర్తులు వచ్చాయి. అప్పుడు తెలిసింది అది మఠం అని.

హెల్యర్ గారు బ్రిటన్‌లో పుట్టి ఇక్కడికి జర్నలిస్టుగా వచ్చి ఉండిపోయిన మనిషి. 2010లో ఈ దేశం ఆయనకి పౌరసత్వం ఇచ్చింది. 2023లో పోయారు. ఇక్కడ ఎన్నేళ్ళు ఉన్నా వీసా మనుషులమే అయిన మాలాంటివాళ్ళకి అది చిన్న విషయంగా కనిపించదు.

ఫిబ్రవరిలో వెళ్ళాం. మా వారు, నేను, పక్కింటి నర్సు, ఆమె భర్త, వాళ్ళ బాబు. చర్చి మీద ఇప్పుడు పెద్ద పందిరి వేశారు. 2019లో ఆ పందిరి కింద మళ్ళీ జనానికి తెరిచారు. లోపల గోడలు మోకాలి ఎత్తు, కొన్ని చోట్ల నడుము ఎత్తు. సున్నపురాయి, సముద్రంలో దొరికే పగడపు రాయి, పైన సున్నం పూత. తూర్పున బలిపీఠం ఉండే చోటు. పొడుగ్గా మూడు భాగాలుగా చర్చి, చుట్టూ చిన్న గదులు. సన్యాసులు 30 నుంచి 40 మంది దాకా ఉండేవారని అంచనా. అంతే. చూడ్డానికి ఏముంది అని అడిగితే ఏమీ లేదనే చెప్పాలి. మా వారు పది నిమిషాల్లో చూసేసి జిరాఫీల సంగతి అడగడం మొదలుపెట్టారు.

పక్కింటి అమ్మాయి మాత్రం పందిరి మొదట్లోనే చెప్పులు విడిచేసింది. ఎవరూ విడవమని చెప్పలేదు. గైడు అక్కర్లేదు అన్నాడు. ఆమె నవ్వి, చున్నీ తల మీద వేసుకుని, లోపలికి నడిచింది. గుడిలో నా డ్యూటీ చాలా ఏళ్ళు చెప్పుల కౌంటర్ దగ్గరే. ఎవరు ఎలా చెప్పులు విడుస్తారో చూసే అలవాటు నాకు పోలేదు. విడవాలి కాబట్టి విడిచేవాళ్ళు వేరు, కాళ్ళు వాటంతట అవే విడిచేసేవాళ్ళు వేరు. ఆ అమ్మాయి రెండో రకం. 1200 ఏళ్ళుగా ఎవరూ ప్రార్థన చెయ్యని చోట నిలబడి, కళ్ళు మూసుకుని, తెలుగులో రెండు నిమిషాలు ఏదో చెప్పుకుంది. బయటికి వచ్చాక, "వీళ్ళు మా వాళ్ళేనా అక్కా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి జవాబు కొంచెం పొడుగు. వీళ్ళు రోము చెప్పినట్టు నడిచేవాళ్ళు కాదు. తూర్పు సంఘం అనేది వేరే ఉండేది, ఇప్పటి ఇరాక్‌లో దాని పెద్ద పీఠం. వాళ్ళ ప్రార్థన భాష సిరియాక్. ఏసుక్రీస్తు మాట్లాడిన అరమాయిక్ భాషకి దగ్గర చుట్టం. ఆ సంఘం వాళ్ళు ఓడల్లో కేరళకి వచ్చారు, సిల్క్ రోడ్డు మీద చైనాకి వెళ్ళారు. చైనాలో 781 నాటి వాళ్ళ శిలాశాసనం ఇప్పటికీ ఉంది. కేరళ క్రైస్తవుల్లో సురియాని అనే మాట వింటాం కదా, అది ఈ సిరియాక్ నుంచే. అందుకే ఆమెకి, "మీ మలయాళీ ఫ్రెండ్స్‌కి తాతలు, నీకు పెదనాన్న వరస" అని చెప్పాను. ఒప్పుకుంది.

గల్ఫ్ తీరానికి ఆ సంఘం వాళ్ళు పెట్టుకున్న పేరు బేత్ ఖత్రాయె. కువైట్ ఫైలకా దీవి, సౌదీ జుబైల్, ఇరాన్ ఖార్గ్ దీవి, బహ్రెయిన్ సమాహీజ్, ఇన్ని చోట్ల వాళ్ళ చర్చిల ఆనవాళ్ళు దొరికాయి. ఏడో శతాబ్దంలో ఇస్లాం వచ్చింది. సాధారణంగా మనం ఏమనుకుంటాం? కొత్త మతం వచ్చింది, పాతది కూలగొట్టారు అని. సర్ బనీ యాస్ కుండ పెంకులు వేరే కథ చెబుతున్నాయి. మొదట్లో ఆ మఠం 600 ప్రాంతానిది అనుకున్నారు. తర్వాత పెంకుల్ని మళ్ళీ జాగ్రత్తగా చూసి, ఏడో శతాబ్దం చివర నుంచి ఎనిమిదో శతాబ్దం మధ్య దాకా అని తేల్చారు. అంటే చుట్టుపక్కల అంతా ఇస్లాం వచ్చాక కూడా ఈ దీవిలో గంటలు తప్పకుండా ప్రార్థన నడిచింది. సంఘం పెద్ద మూడో ఇషోయాబ్ 650ల్లో రాసిన ఉత్తరాలు మిగిలాయి. కొత్త పాలకులు మన మతంతో పోట్లాడటం లేదు, మన మఠాలకి మర్యాద ఇస్తున్నారు అని ఆయనే రాశాడు. ఇప్పటి ఒమాన్ వైపు వాళ్ళు మాత్రం ఆస్తిలో సగం కాపాడుకోడానికి మతం వదిలేశారని అదే ఆయన బాధపడ్డాడు కూడా. ఎవరూ కత్తి చూపించలేదు, మీరే వదిలేశారు అని ఆయన కోపం.

మఠం గోడల మీద కాల్చిన గుర్తులు, కూల్చిన గుర్తులు లేవు. జనం వెళ్ళిపోయారు, ఇసుక వచ్చింది. అంతే.

ఇక స్కాట్లాండ్. మా అమ్మాయి గ్లాస్గోలో ఉంటుంది కాబట్టి రెండుసార్లు వెళ్ళాను. అక్కడ చర్చిల కథ మొత్తం దెబ్బల కథ. అయోనా మీద వైకింగులు 795లో మొదటిసారి పడ్డారు. 806లో 68 మందిని చంపేశారు. 849లో కొలంబా అస్థికల్ని రెండు భాగాలు చేసి, కొన్ని స్కాట్లాండ్ లోపలికి డంకెల్డ్‌కి, కొన్ని ఐర్లండ్‌కి పంపేశారు. 1390లో ఎల్గిన్ కేథడ్రల్‌ని, వుల్ఫ్ ఆఫ్ బేడనాక్ అని పేరు పడ్డ రాజుగారి కొడుకు తగలబెట్టాడు. బిషప్పు మీద కోపంతో! సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో కేథడ్రల్ స్కాట్లాండ్ మొత్తంలో పెద్దది, పొడవు 119 మీటర్లు. కట్టడం మొదలైంది 12వ శతాబ్దంలో, పూర్తి చేసి ప్రతిష్ఠ చేసింది 1318లో, రాజు రాబర్ట్ బ్రూస్ ఎదురుగా. 1559లో జాన్ నాక్స్ ప్రసంగం విన్న జనం వెళ్ళి లోపల అంతా పగలగొట్టారు. తర్వాత ఊరివాళ్ళు రాళ్ళు పట్టుకుపోయి ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు తూర్పు గోడ ఒక చివర, పడమటి గోడ ఇంకో చివర నిలబడి ఉంటాయి. మధ్యలో గడ్డి, సమాధులు. ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తుంటే ఎంత పెద్దదో కాళ్ళకి తెలుస్తుంది. గ్లాస్గో కేథడ్రల్ మాత్రం బతికిపోయింది. ఊళ్ళో చేతిపనివాళ్ళ సంఘాలు అడ్డం నిలబడి కాపాడాయని చెబుతారు.

అయోనా వెళ్ళడం ఒక పూట పని కాదు. ఓబన్ నుంచి పెద్ద పడవలో మల్ దీవికి, ఆ దీవి ఈ చివర నుంచి ఆ చివరకి బస్సులో, మళ్ళీ చిన్న పడవలో పది నిమిషాలు. జూన్ నెలలో స్వెటర్ మీద కోటు వేసుకుని, వానలో వెళ్ళాను. అక్కడ ఇప్పుడు కనిపించే రాతి చర్చి కొలంబాది కాదు, 1200 ప్రాంతంలో మొదలుపెట్టినది. కానీ చర్చి ఎదురుగా సెయింట్ మార్టిన్ శిలువ అనే రాతి శిలువ ఉంది. ఎనిమిదో శతాబ్దంలో ఎక్కడ నిలబెట్టారో అక్కడే ఉంది. సర్ బనీ యాస్‌లో సన్యాసులు సున్నపు పలకల మీద శిలువ గీసుకున్న రోజుల్లో ఇక్కడ ఇంకెవరో రాయి మీద చెక్కారు. నేను దాని మీద చెయ్యి పెట్టలేదు. చుట్టూ ఒకసారి తిరిగాను. ప్రదక్షిణ అని మా అమ్మాయి ఏడిపించింది.

1560లో స్కాట్లాండ్ మతం మారాక అయోనా కూడా పాడుబడింది. మూడు వందల ఏళ్ళకి పైగా పైకప్పు లేదు. 1899లో ఆ దీవి యజమాని, ఆర్గైల్ డ్యూక్, శిథిలాల్ని చర్చి ఆఫ్ స్కాట్లాండ్‌కి ఒక ట్రస్టు ద్వారా ఇచ్చేశాడు. ముందు చర్చికి కప్పు వేశారు. తర్వాత 1938లో జార్జ్ మెక్లౌడ్ అనే పాస్టరు గ్లాస్గో నుంచి పనిలేని తాపీ మేస్త్రీల్ని, వడ్రంగుల్ని, వాళ్ళతో పాటు చదువు ముగించిన కుర్ర పాస్టర్లని తీసుకొచ్చి, మిగతా మఠం కట్టడం మొదలుపెట్టాడు. పాస్టర్లు మేస్త్రీల కింద రాళ్ళు మోశారు. నాకు ఇది చాలా నచ్చింది. గుడిలో సేవకి వచ్చే కొత్త పిల్లల్ని మేము ముందు వంటింట్లో గిన్నెలు కడగడానికే పంపిస్తాం. వేదం వచ్చినా సరే. ఇప్పుడు అయోనాలో మళ్ళీ రోజూ ప్రార్థన జరుగుతుంది.

కాబట్టి లెక్క ఇలా తేలింది. చంపారు, కాల్చారు, మతం మార్చారు, కప్పు ఊడదీశారు, అయినా అయోనా పేరు పోలేదు. ఏ దెబ్బా తగలని సర్ బనీ యాస్ మఠానికి పేరే మిగల్లేదు. ఆ సన్యాసులు దాన్ని ఏమని పిలిచారో ఏ కాగితంలోనూ దొరకలేదు. ఒక్క మఠాధిపతి పేరు లేదు. 1590లో గాస్పరో బాల్బీ అనే వెనిస్ నగల వర్తకుడు అచ్చు వేయించిన పుస్తకంలో ముత్యాల దీవుల జాబితాలో సర్ బనీ యాస్ పేరు ఉంది. మఠం సంగతి లేదు. అప్పటికే ఎనిమిది వందల ఏళ్ళు ఇసుక కింద ఉంది.

ఎందుకు ఇలా? నా సమాధానం ఒకటే. అయోనాలో రాశారు. కొలంబా పోయిన వందేళ్ళకి అడమ్నాన్ అనే మఠాధిపతి ఆయన జీవిత కథ రాశాడు. ఎవరు ఏ పడవలో వచ్చారు, ఎవరికి జ్వరం వచ్చింది, తెల్ల గుర్రం ఎలా ఏడ్చింది, అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం చదివినవాళ్ళకి అయోనా శిథిలం కాదు, ఇల్లు. అడమ్నాన్ ఇంకో పుస్తకం కూడా రాశాడు, అది పశ్చిమాసియా పుణ్యక్షేత్రాల గురించి. ఆయన అటు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆర్కుల్ఫ్ అనే బిషప్పు జెరూసలేం, డమాస్కస్ అన్నీ చూసి తిరిగి వస్తుంటే గాలివాన పడవని బ్రిటన్ పడమటి తీరానికి కొట్టేసిందట. ఆయన చెబుతుంటే అడమ్నాన్ రాసుకున్నాడు. జెరూసలేంలో పాత దేవాలయం ఉన్న చోట అరబ్బులు మూడు వేల మంది పట్టే ప్రార్థనశాల కట్టుకున్నారని కూడా ఉంది అందులో. 680 ప్రాంతం సంగతి. వాన కురిసే ఆ దీవిలో కూర్చున్న సన్యాసికి అరబ్బుల మసీదు గురించి తెలిసింది. ఇంచుమించు అప్పుడే అరబ్బుల సముద్రంలో ఇంకో దీవిలో తనలాంటి సన్యాసులే ఉన్నారని మాత్రం తెలియలేదు. చెప్పేవాళ్ళు ఎవరూ ఆ గాలివానలో కొట్టుకురాలేదు.

గల్ఫ్ వాళ్ళు అసలు రాయలేదని కాదు. బేత్ ఖత్రాయెలో పుట్టిన ఇసాకు, తర్వాత నినెవే బిషప్పు అయ్యాడు, కొన్ని నెలలకే ఆ పదవి వదిలేసి కొండల్లోకి వెళ్ళిపోయాడు. ఆయన రాసినవి ఈరోజుకీ చదువుతారు. ఆయన పేరు మిగిలింది. దీవిలో రొట్టె కాల్చినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

మన తెలుగు నేల మీద కూడా ఇదే జరిగింది. 640 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు, ఇప్పటి అమరావతి దగ్గర. బౌద్ధ విహారాలు చాలా ఉన్నాయి గానీ ఎక్కువ పాడుబడ్డాయి, ఇరవై మాత్రం నడుస్తున్నాయి అని రాసుకున్నాడు. మా వైజాగ్‌లో భీమిలి రోడ్డు మీద తొట్లకొండ ఉంది. చిన్నప్పుడు ఆ రోడ్డున ఎన్నిసార్లు వెళ్ళామో. కొండ మీద సన్యాసుల గదులు, రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, ఎదురుగా సముద్రం. తొట్లు ఉన్నాయి కాబట్టి ఊరివాళ్ళు తొట్లకొండ అన్నారు. రెండు వేల ఏళ్ళ కిందటి ఆ విహారం ఇక్కడుందని 1970ల్లో నేవీ వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే గాని బయటపడలేదు. సర్ బనీ యాస్ గదుల ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది అయోనా కాదు, తొట్లకొండ. అదే కొలత గదులు, అవే నీళ్ళ తొట్లు, ఎదురుగా అదే సముద్రం, చాపలాగా.

ఇదంతా ఇంత పట్టుకుని రాయడానికి కారణం ఉంది. నేను 1986లో అబూ ధాబీ వచ్చాను. అప్పుడు ఈ ఎమిరేట్‌లో మాకు గుడి లేదు. పండగ వస్తే దుబాయ్ వెళ్ళేవాళ్ళం, బర్ దుబాయ్‌లో క్రీక్ పక్కన సందులోకి. పూల దండల కొట్లు, కొబ్బరికాయలు, మెట్లెక్కి పైకి వెళ్ళడం, క్యూలో ఎవరో ఒకరు తెలుగులో పలకరించడం. ఆ సందులోని శివాలయం 2024 జనవరిలో జబల్ అలీకి మారింది. అక్కడ పెద్ద స్థలం, కారు పార్కింగు, అన్ని సౌకర్యాలు. మంచిదే. శ్రీశైలం డ్యామ్ నీళ్ళు వస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్ళీ కట్టారు కదా. దేవుడు కదిలాడు. సందు కదలదు. పూల కొట్టాయన ఎవరికి ఏ పువ్వు కావాలో అడగకుండానే ఇచ్చేవాడు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ ఉండదు.

2024 ఫిబ్రవరి 14న అబూ మురేఖాలో మందిరం తెరిచారు. రాజస్థాన్ గులాబీ రాయి, ఇటలీ పాలరాయి, ఏడు ఎమిరేట్లకి ఏడు శిఖరాలు, కట్టడంలో ఇనుము వాడలేదు. స్థలం షేక్ మొహమ్మద్ ఇచ్చారు. నేను అక్కడ సేవకి వెళతాను. ఆ రాళ్ళు వెయ్యేళ్ళు ఉంటాయని అందరూ అంటారు, ఉంటాయి కూడా. రాళ్ళ గురించి నాకు దిగులు లేదు. ఇక్కడ మమ్మల్ని ఎవరూ తరమరు, ఆ దిగులూ లేదు. మేమే వెళ్ళిపోతాం. ఉద్యోగం అయిపోతే ఊరికి, పిల్లలేమో గ్లాస్గోకి, టొరంటోకి. ఇషోయాబ్ ఉత్తరం చదివినప్పుడు నాకు గుచ్చుకున్నది అదే.

మా వారి ఉద్యోగం వచ్చే మార్చితో అయిపోతుంది. మేము వైజాగ్ వెళ్ళిపోతున్నాం. అందుకని ఒక పాత లెడ్జరు పుస్తకం తీసి, 1986 నుంచి నాకు తెలిసిన తెలుగు సేవకుల పేర్లు రాస్తున్నాను. పేరు, ఊరు, ఏ ఏడు వచ్చారు, ఏం చేసేవారు, ఎక్కడికి వెళ్ళారు. ఐదు కాలమ్స్. బర్ దుబాయ్‌కి మమ్మల్ని డబ్బులు తీసుకోకుండా వ్యాన్‌లో తీసుకెళ్ళిన కాకినాడ డ్రైవరు గారు, యాభై మందికి పులిహోర కలిపి ఒక్క మెతుకు నలగనివ్వని నిజామాబాద్ కేటరింగ్ ఆయన, ఎవరి ఇంట్లో భజన అయినా హార్మోనియం మోసుకొచ్చిన నెల్లూరు మాస్టారు. తెలుగులోనే రాస్తున్నాను, నిదానంగా, ఒత్తులు చూసుకుంటూ. ఇప్పటికి 61 పేర్లు అయ్యాయి. పక్కింటి అమ్మాయి చూసి, తన చర్చి వాళ్ళవి తను వేరే పుస్తకంలో మొదలుపెట్టింది. వాళ్ళది క్వయిర్‌తో మొదలైంది, ఇప్పటికే నాకంటే ఎక్కువ పేర్లు.

మీలో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు సర్ బనీ యాస్ వెళితే ఇంకో సంగతి. 2025లో చర్చి పక్కన ఉన్న చిన్న ఇళ్ళని మళ్ళీ తవ్వుతుంటే, ఒక ఇంటి వాకిట్లో ఇంకో సున్నపు పలక దొరికిందని ప్రకటించారు. పొడవు 27 సెంటీమీటర్లు, వెడల్పు 17, మీద శిలువ. పెద్ద సన్యాసులు ఒంటరిగా ధ్యానం చేసుకోడానికి ఉండే ఇళ్ళు అవి అంటున్నారు. చర్చి చూసి వెంటనే బస్సెక్కకుండా ఆ ఇళ్ళ వైపు కూడా చూపించమని గైడుని అడగండి. నవంబరు నుంచి మార్చి లోపు వెళ్ళండి, టోపీ పెట్టుకోండి. పందిరి చర్చి మీదే ఉంది, ఇళ్ళ మీద లేదు.